ఆసరా పింఛను ఆగకుండా చూసుకోవడం, ఆగితే మళ్లీ తెప్పించుకోవడం: నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్ల కోసం

"పింఛను రెన్యువల్ ఎక్కడ చేయించాలి?" అని అడిగే పెద్దవాళ్లు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తెలంగాణ ప్రభుత్వం వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు ఇచ్చే ఆసరా పింఛనుకు ఏడాదికోసారి ఫారం నింపి రెన్యువల్ చేయించుకునే పద్ధతి లేదు. పోస్టాఫీసులో ప్రతి నెలా వేలు పెట్టి డబ్బు తీసుకోవడమే రెన్యువల్. మనిషి బతికే ఉన్నాడు, ఊళ్లోనే ఉన్నాడు అని సర్కారుకు తెలిసేది ఆ వేలిముద్రతోనే. అందుకే పింఛను ఆగిపోతే కొత్త దరఖాస్తు కోసం మీసేవకు పరిగెత్తొద్దు. ఎక్కడ తెగిందో ముందు కనుక్కోవాలి. కారణం తెలియకుండా తిరిగితే ఆటో కిరాయిలు, జిరాక్సుల ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

పథకం సంగతి రెండు ముక్కల్లో చెప్పి అసలు పనిలోకి వస్తాను. ఆసరా 2014 నవంబరులో మొదలైంది. అప్పుడు వృద్ధులకు నెలకు 1000 రూపాయలు ఇచ్చేవారు, 2019 జూన్ నుంచి అది 2016 అయింది. దివ్యాంగుల పింఛను 2023 జూలై నుంచి 4016. వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57 ఏళ్లకు తగ్గిస్తూ 2021లో ఉత్తర్వులిచ్చారు. ప్రభుత్వం మారాక చేయూత అనే పేరు వచ్చింది, జనం నోట్లో మాత్రం ఇంకా ఆసరాయే. దీన్ని నడిపేది సెర్ప్, అంటే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ. మండలంలో ఎంపీడీవో, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ బాధ్యులు. ఊళ్లో మీ పని పడేది ఇద్దరితో: పంచాయతీ సెక్రటరీ, పోస్టాఫీసు బీపీఎం (బ్రాంచి పోస్ట్‌మాస్టర్).

మొదటి పని: కారణం కనుక్కోవడం

ఇంట్లో పింఛను పుస్తకమో, పాత రశీదో, మంజూరు కాగితమో ఉంటుంది. దాని మీద పింఛను ఐడీ ఉంటుంది. ఆసరా వెబ్‌సైట్‌లో పింఛనుదారుల వివరాలు వెతికే చోట ఆ ఐడీ కొడితే పింఛను నడుస్తోందా, ఆగిందా తెలుస్తుంది. ఐడీ లేకపోతే పేరు, జిల్లా, పంచాయతీ ఇచ్చి వెతకొచ్చు. ఇక్కడ చాలామంది పొరపడేది జిల్లా దగ్గర. పాత నల్గొండ జిల్లా 2016 అక్టోబరులో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట వేరయ్యాయి. మక్తల్ మనిషిని మహబూబ్‌నగర్ కింద, చౌటుప్పల్ మనిషిని నల్గొండ కింద వెతికి "మా అమ్మ పేరే లేదు" అని టెన్షన్ పడితే లాభం లేదు. కొత్త జిల్లా చూసుకోండి.

ఫోన్లో చూడటం రాకపోతే పంచాయతీ సెక్రటరీని అడగండి. "ఎందుకు ఆగింది?" అని ఊరికే అడిగితే "పై నుంచే రాలేదు" అనే జవాబొస్తుంది. దాని బదులు ఇలా అడగండి: "సార్, ఈ నెల జాబితాలో పేరు ఉందా? ఉంటే పోస్టాఫీసుకు డబ్బు వచ్చిందా? లేకపోతే ఏ కారణం రాసి తీసేశారు?" ఈ మూడు ప్రశ్నలతో సంగతి తేలిపోతుంది. జాబితాలో పేరుంటే పని పోస్టాఫీసులో ఉంది. పేరు లేకపోతే ఎంపీడీవో ఆఫీసులో ఉంది.

ఇంకో మాట. ఊరందరికీ రాకపోతే అది మీ కాగితాల సమస్య కాదు, ఆ నెల పంపిణీ ఆలస్యమైందంతే. ముందు పక్కింటి అవ్వను అడిగి చూడండి.

వేలు పడటం లేదంటే

ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. నలభై, యాభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరి, బీడీలు చుట్టిన చేతులు అవి. గీతలు అరిగిపోయి మిషన్ గుర్తు పట్టదు. పైగా తమలపాకు వేసుకునేవాళ్లు సున్నం రాసే చూపుడు వేలునే మిషన్ మీద పెడతారు. ఆ వేలి చివర తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది, ఎంత నొక్కినా పడదు.

వెళ్లేముందు ఇంట్లో సబ్బుతో చేతులు కడిగించండి. గోరువెచ్చని నీళ్లయితే ఇంకా మంచిది. పూర్తిగా తుడిచాక, చర్మం మరీ పొడిగా ఉంటే కొబ్బరినూనె చుక్క వేసి రుద్ది, మెత్తటి బట్టతో జిడ్డు పోయేలా తుడవండి. గోరింటాకు పెట్టుకున్న వారంలో వెళ్లకపోవడం మంచిది. పోస్టాఫీసులో ఒక వేలు పడకపోతే మిగతావీ ప్రయత్నించమని బీపీఎంను అడగండి. ఉంగరపు వేలికి మోటు పని తక్కువ కాబట్టి అది తేలిగ్గా పడుతుంటుంది. ఏ వేలు పడిందో పింఛను పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకుంటే వచ్చే నెల లైన్లో అందరి టైమూ మిగులుతుంది. మిషన్ గాజును కూడా ఒకసారి తుడవమనండి, అడగడానికి మొహమాటం వద్దు.

అయినా పడకపోతే రెండు దారులున్నాయి. పంచాయతీ సెక్రటరీ వచ్చి మనిషిని చూసి, తన వేలిముద్రతో ధ్రువీకరించి ఇప్పించే పద్ధతి ఒకటి. 2025లో పోస్టాఫీసుల్లో ముఖం చూసి గుర్తించే విధానాన్ని కూడా తెచ్చారు. బీపీఎం ఫోన్లో ఫొటో తీస్తే ఆధార్‌లోని ముఖంతో పోల్చుకుంటుంది. ఇది వేలికన్నా నయం. కాకపోతే ఆధార్‌లో ఫొటో పదిహేనేళ్ల కిందటిదై, ఇప్పుడు పళ్లూడి మనిషి చిక్కిపోయి ఉంటే అదీ మొరాయించవచ్చు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, తలగుడ్డ సర్దితే చాలాసార్లు పని అవుతుంది.

ఏదేమైనా వేళ్లు వరుసగా మొండికేస్తుంటే ఆధార్ సెంటర్లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. దానికి ఫీజు 125 రూపాయలు, రశీదు ఇస్తారు. కొత్త ఫొటో కూడా అప్పుడే పడుతుంది. మంచం మీదున్న మనిషైతే ఇంటికే వచ్చి అప్‌డేట్ చేసే సేవ ఆధార్ సంస్థకు ఉంది. దానికి ఫీజు ఎక్కువ, వివరాలు 1947 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

మూడు నెలల గండం

వరుసగా మూడు నెలలు పింఛను తీసుకోకపోతే మనిషి లేడనో, ఊరు వదిలాడనో లెక్కగట్టి నిలిపేస్తారు. పాలమూరు వాళ్లకు ఇది పెద్ద సంగతి. కొడుకూ కోడలూ ముంబయికో పుణెకో పనికి పోతే, పిల్లల్ని చూసుకోవడానికి అవ్వ కూడా వెంట పోతుంది. దసరాకు పోయి సంక్రాంతి దాటాక వస్తే పింఛను అప్పటికే ఆగి ఉంటుంది. దేవరకొండ తండాల్లోనూ ఇదే కథ, కాకపోతే వాళ్లు పోయేది ఎక్కువగా హైదరాబాదుకు.

ఊరు దాటి వెళ్లాలంటే లెక్క ఒకటే: మూడో నెల పంపిణీ ముగిసేలోపు ఒకసారి వచ్చి వేలు పెట్టాలి. బస్సు ఖర్చు దండగ అనిపిస్తుంది కానీ, ఆగిన పింఛనును మళ్లీ నడిపించడానికి అయ్యే తిరుగుడుతో పోలిస్తే అదే చవక. ఆసుపత్రిలో ఉండి రాలేకపోతే డిశ్చార్జి కాగితం జాగ్రత్త చేయండి, అర్జీకి అదే ఆధారం. కొడుకు తెలంగాణలోనే ఇంకో ఊళ్లో ఉండి, అతని దగ్గరే ఉండిపోవాలనుకుంటే పింఛను అక్కడికి మార్చమని పాత మండలం ఎంపీడీవోకు రాసివ్వండి. మార్పు అయ్యేదాకా పాత చోట తీసుకోవడం మానొద్దు.

ఒక్కోసారి వేరే ఊరికి పోయిన మనిషిని చనిపోయినట్టు ఎక్కించేస్తారు. అప్పుడు ఫోన్లు, సిఫారసులు పనిచేయవు. మనిషిని ఎదురుగా తీసుకెళ్లాలి. ఆధార్ ఒరిజినల్, పంచాయతీ సెక్రటరీ ఇచ్చే "సజీవంగా ఉన్నారు" అనే ధ్రువీకరణ పట్టుకుని ఎంపీడీవో ముందు కూర్చోబెట్టండి.

కాగితాల్లో పేరు, వయసు

ఓటరు కార్డులో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మమ్మ, రేషన్ కార్డులో ఇంటిపేరు పుట్టింటిది. మనకు ముగ్గురూ ఒక్కరే, కంప్యూటరుకు కాదు. పింఛను నడుస్తున్నంత కాలం ఎవరూ పట్టించుకోరు. ఏ ఎంక్వైరీయో వచ్చినప్పుడు ఇదే మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి పింఛను పుస్తకంలో ఎలా ఉందో ఆధార్‌లో అలాగే ఉండేలా తీరిక ఉన్నప్పుడే చేయించండి. పేరు, చిరునామా మార్పుకు ఆధార్ సెంటర్లో 75 రూపాయలు.

పుట్టిన తేదీ విషయంలో మాత్రం తొందరపడొద్దు. మన పల్లెల్లో సగం మంది పెద్దవాళ్లకు ఆధార్‌లో జనవరి 1వ తేదీయే ఉంటుంది, ఏడాది ఎవరో అంచనాకు వేసింది. ఇప్పటికే పింఛను వస్తున్న మనిషికి దాన్ని కదిలించకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆధార్‌లో పుట్టిన తేదీని మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు. మార్చిన తేదీతో వయసు తగ్గిందో, పింఛను కూడా పోతుంది.

ఎంక్వైరీకి వస్తే ఏం చూస్తారో కూడా తెలిసి ఉండాలి. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు దాటకూడదు. భూమి తరి (మాగాణి) అయితే మూడెకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే ఏడున్నర ఎకరాల లోపు. ప్రభుత్వ పింఛను తీసుకుంటున్నా, కారు లాంటి బండి ఉన్నా, పిల్లలు సర్కారు ఉద్యోగంలో ఉన్నా అనర్హులంటారు. కొడుకు వేరే కాపురం పెట్టి పదేళ్లయినా పేరు ఇంకా అమ్మ రేషన్ కార్డులోనే ఉంటే, అతని కారు ఆమె లెక్కలో పడుతుంది. కార్డులు వేరు చేయించుకోవడం ముందే చేయాల్సిన పని.

ఫ్లోరోసిస్ బాధితులు, సదరం గడువు

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు వాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగి, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు చాలామంది వృద్ధాప్య పింఛను 2016తోనే సరిపెట్టుకుంటున్నారు. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే దివ్యాంగుల పింఛనుకు అర్హులు, అంటే 4016. వినికిడి లోపానికైతే 51 శాతం ఉండాలి. రెండు పింఛన్లు కలిపి ఇవ్వరు, ఉన్నదాన్ని మార్పించుకోవాలి.

నిజమైన రెన్యువల్ ఉన్నది కూడా ఇక్కడే. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్లలో శాశ్వతమైనవి, తాత్కాలికమైనవి అని రెండు రకాలు. తాత్కాలికమైతే దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ రోజు దాటితే పింఛను ఆగుతుంది, ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. సర్టిఫికెట్ తీసి ఇప్పుడే చూడండి. గడువుకు మూడు నెలల ముందే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే డాక్టర్లు వైకల్యాన్ని పరీక్షించే శిబిరం తేదీలు మన చేతిలో ఉండవు.

ఇప్పుడు సదరం బదులు దేశమంతటికీ ఒకటే అయిన దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, ఇస్తున్నారు. స్వావలంబన్ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేయొచ్చు, లేదా మీసేవలో చేయించుకోవచ్చు. ఆధార్, ఫొటో, ఫోన్ నంబరు, పాత సదరం సర్టిఫికెట్ కావాలి. ఇచ్చే ఫోన్ నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషిది అయి ఉండాలి. శిబిరానికి రమ్మనే మెసేజ్ దానికే వస్తుంది. ముంబయిలో ఉన్న కొడుకు నంబరు ఇస్తే, మెసేజ్ చదివి ఇక్కడికి చెప్పేలోపు తేదీ దాటిపోతుంది.

శిబిరానికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఇంతకుముందు చూపించుకున్న కాగితాలు అన్నీ తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లండి. డాక్టరుకు మనిషి దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. "మెట్లు ఎక్కలేదు, కింద కూర్చుంటే లేవలేదు, దొడ్డికి పోవడానికి మనిషి పట్టుకోవాలి" అని విడమరిచి చెప్పాలి. మన పెద్దవాళ్లు డాక్టరు "ఎట్లున్నవ్ అవ్వా?" అంటే "బాగనే ఉన్న బిడ్డా" అనేస్తారు. అది మర్యాదకు అన్నమాట, కానీ శాతం దాని మీదే తగ్గుతుంది. వెంట వెళ్లినవాళ్లు కల్పించుకుని చెప్పాలి.

భార్యాభర్తల్లో ఒకరు పోతే

వృద్ధాప్య పింఛను ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. అది తాత పేరు మీద ఉందనుకోండి. తాత పోతే ఆ పింఛను ఆగుతుంది, దాని చోట అవ్వకు వితంతు పింఛను వస్తుంది. అయితే అడిగితేనే. పంచాయతీ నుంచి మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని, అవ్వ ఆధార్, తాత ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా పుస్తకం, ఫొటో కలిపి సెక్రటరీ దగ్గర ఇవ్వండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఏ ఫీజూ ఉండదు, దాటితే ఆలస్యం లెక్కలు మొదలవుతాయి. దినాలు అయ్యాక చూద్దాం అని అందరూ అనుకుంటారు, ఆ చూద్దాం కాస్తా నెలలవుతుంది. ఇంట్లో ఒక మనవడికి ఈ పని అప్పగించండి.

పోయినాయన పింఛనును ఇంకా ఒకటి రెండు నెలలు ఎలాగోలా తీయించుకుందామనే సలహాలు ఇచ్చేవాళ్లుంటారు. వినొద్దు. తర్వాత రికవరీ అంటే అవ్వ పింఛనుకే ఎసరొస్తుంది.

అర్జీ ఇలా రాయండి

నాలుగు పేజీల కష్టాల చరిత్ర ఎవరూ చదవరు. ఒక పేజీ చాలు:

"గౌరవనీయులైన ఎంపీడీవో గారికి. నా పేరు ……, భర్త పేరు ……, గ్రామం ……, మండలం ……. నా పింఛను ఐడీ ……. నాకు …… నెల వరకు వృద్ధాప్య పింఛను వచ్చింది. …… నెల నుంచి ఆగింది. విచారిస్తే …… కారణమని చెప్పారు. అది సరికాదు / ఆ లోపం ఇప్పుడు సరిచేయించుకున్నాను. రుజువులు జతపరిచాను. దయచేసి విచారణ జరిపి పింఛను పునరుద్ధరించాలని, ఆగిన నెలల డబ్బు విషయం కూడా తెలపాలని మనవి."

కింద తేదీ, వేలిముద్ర లేదా సంతకం, ఫోన్ నంబరు. జతగా ఆధార్, పింఛను పుస్తకం, రేషన్ కార్డు జిరాక్సులు. ఒరిజినల్ ఒక్కటి కూడా ఇచ్చి రావద్దు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే.

రెండు మూడు వారాల్లో కదలిక లేకపోతే ఆ ముద్ర కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లండి. అక్కడ అర్జీకి నంబరు ఇస్తారు. ఆ నంబరుతో మళ్లీ మండలానికి ఫైలు వస్తుంది కాబట్టి ఈసారి జవాబు రాయక తప్పదు. వృద్ధులను అంత దూరం లాక్కెళ్లనక్కర్లేదు, కొడుకో కూతురో కాగితాలతో వెళ్తే చాలు. ఎవరూ తోడు లేని పెద్దవాళ్లు 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేసి దారి అడగొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు

వీళ్లది వేరే దారి. వీళ్లకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే అవకాశం ఉంది. ప్రైవేటు కంపెనీల్లో చేసి పీఎఫ్ పింఛను తీసుకునేవాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులు ట్రెజరీలో అడిగి ఆ ఏడాది తేదీలు తెలుసుకోవాలి. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోనే పూర్తి చేయొచ్చు, లేదా 70 రూపాయలు తీసుకుని పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తాడు. ఆధార్, పీపీవో (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకోండి. ఆసరా పింఛనుకు ఈ జీవన్ ప్రమాణ్ పనికిరాదు. రెంటినీ కలిపి చెప్పి డబ్బులు గుంజే సెంటర్లున్నాయి, జాగ్రత్త.

డబ్బు చేతికొచ్చేచోట

మళ్లీ మొదలైన నెలలో పూర్తి మొత్తం వచ్చిందా అని లెక్కపెట్టించండి. 2016లో చివరి 16 రూపాయలు "చిల్లర లేదు" అనే మాటలో కలిసిపోవడం అన్ని చోట్లా వినే ఫిర్యాదే. నెలకు 16 అంటే ఏడాదికి 192. అవ్వ జేబులో నాలుగు రూపాయల చిల్లర పెట్టి పంపండి, ఇరవై నోటు తీసుకుని నాలుగు ఇచ్చి వస్తుంది. పింఛను పునరుద్ధరణకు ఎక్కడా ఫీజు లేదు. డబ్బు కట్టాల్సింది ఆధార్ సెంటర్లో, మీసేవలో మాత్రమే, అదీ రశీదు మీదున్నంతే. "పై ఆఫీసులో మనోళ్లున్నారు, రెండు నెలల పింఛను నాకిస్తే చాలు" అనే మనిషి మీ గడప తొక్కితే, అతను అవ్వతో ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకోకుండా చూడండి.